ఒక స్లాబు, ఏడు రాతలు: నిర్మాణ స్థలంలో చెప్పిన మాట చేరని తీరు

మూడో అంతస్తు స్లాబుకు సెంట్రింగ్ విప్పి, ప్లంబింగ్ సబ్‌కాంట్రాక్టర్ మనుషులు డ్రైనేజీ పైపులు నిలబెట్టడానికి వచ్చిన రోజున, షాఫ్టు ఓపెనింగ్ (పైపులు నిలువుగా దిగే దారికి స్లాబులో వదిలే ఖాళీ) ఉండవలసిన చోట లేదని బయటపడింది. కాంక్రీటు పోసి అప్పటికి 18 రోజులైంది. ఓపెనింగ్ పాత డ్రాయింగ్‌లో చూపిన చోటనే ఉంది, పైగా ఏ డ్రాయింగ్‌లోనూ లేని కొలతతో ఉంది. గ్రిడ్ 5 (డ్రాయింగులో స్థానాలు గుర్తించే గీతల్లో ఐదోది) వైపు 450 మి.మీ. జరగవలసిన ఓపెనింగ్ అంగుళమైనా జరగలేదు, 600 మి.మీ. ఉండవలసిన వెడల్పు మాత్రం 750 మి.మీ. అయింది.

ప్రధాన కాంట్రాక్టర్ తరఫున కాంట్రాక్టు వ్యవహారాలు చూసే ఇంజనీరుగా నన్ను అక్కడికి పంపినప్పుడు, తప్పు ఎవరిదో తేల్చమని మాత్రమే చెప్పారు. రెండు రోజులు ఫైళ్లు తిరగేసిన తర్వాత నాకు తేలింది వేరు. ఈ వ్యవహారంలో చెప్పిన మాటను జవదాటినవారు ఒక్కరూ లేరు. మార్పు గురించి ఏడు చోట్ల రాశారు, రాసినవాటిలో చాలావరకు ఎవరో ఒకరికి అందాయి, అందినవారు తమకు అర్థమైన మేరకు పని చేశారు. అయినా స్లాబు తప్పుగా పడింది. కాబట్టి మనుషులను పక్కన పెట్టి వాక్యాలను విచారించవలసి వచ్చింది.

సమస్య మొదటిసారి కాగితం మీదికి వచ్చిన రోజును ఒకటో రోజుగా లెక్కిస్తాను. ఆ రోజున ప్లంబింగ్ సబ్‌కాంట్రాక్టర్ కన్సల్టెంటుకు ఒక ఆర్.ఎఫ్.ఐ. (సందేహం తీర్చమని రాసే పత్రం) పంపాడు. అందులో ఉన్నది ఒకే వాక్యం: మూడో అంతస్తు షాఫ్టులో పైపు బీముకు తగులుతోంది, దయచేసి చూసి చెప్పగలరు. ఒక ఫోటో జతచేశాడు గాని గ్రిడ్ సంఖ్యలు గాని, డ్రాయింగ్ సంఖ్య గాని, జవాబు ఏ తేదీలోగా కావాలన్నది గాని రాయలేదు. ఆ అంతస్తులో షాఫ్టులు మూడున్నాయి.

నాలుగో రోజున సమన్వయ సమావేశం జరిగింది. దాని మినిట్స్‌లో ఈ అంశానికి దక్కింది రెండు ముక్కలు: షాఫ్టు విషయం చర్చించడం జరిగింది, అవసరమైన మార్పులు చేయబడతాయి. ఆరో రోజున కన్సల్టెంటు కార్యాలయం నుంచి సైట్ ఇంజనీరుకు ఫోను వచ్చింది, ఓపెనింగును గ్రిడ్ 5 వైపు 450 జరపమని. ఆయన దాన్ని తన డైరీలో రాసుకున్నాడు. నిజానికి ఈ ఏడింటిలో అన్నిటికన్నా స్పష్టమైన రాత ఆ డైరీలోనిదే, కానీ అది ఆయన బల్ల సొరుగులోనే ఉండిపోయింది.

తొమ్మిదో రోజున రివిజన్ 3 డ్రాయింగ్ (మూడోసారి సవరించినది) ఈమెయిలులో వచ్చింది. టైల్స్ నమూనాల గురించి నడుస్తున్న పాత ఉత్తరప్రత్యుత్తరాలకే జవాబుగా పంపడంతో, విషయం గడిలో ఇంకా టైల్స్ అనే ఉంది. ఒకరికి రాసి, పదకొండు మందికి ప్రతి పంపారు. లోపల ఉన్న మాట: జతపరచిన డ్రాయింగును పరిశీలించి తగు చర్య తీసుకోగలరు. డ్రాయింగులో మార్పు జరిగిన చోట చుట్టూ గీయవలసిన మేఘంలాంటి గీత లేదు. రివిజన్ వివరం రాసే గడిలో సాధారణ సవరణలు అని ఉంది. పదో రోజున డాక్యుమెంట్ కంట్రోలర్ దాన్ని రిజిస్టరులో ఎక్కించి, రెండు ప్రతులు సైట్ ఆఫీసుకు ట్రాన్స్‌మిటల్ (పత్రాలు పంపినట్టు చూపే చీటీ) మీద పంపాడు. కొత్తవి ఇచ్చాడు గాని పాతవి వెనక్కి తీసుకోలేదు.

పన్నెండో రోజున సైట్ ఇంజనీరు సెలవు మీద వెళ్తూ ఫోనులోని చాట్ గ్రూపులో ఇలా రాశాడు: రేపు స్లాబు. షాఫ్టు ఓపెనింగ్ మారింది, చూసుకోండి. సరే సార్ అని బార్‌బెండింగ్ మేస్త్రీ నుంచి జవాబు వచ్చింది. పదమూడో రోజున పోర్ కార్డు (కాంక్రీటు పోసే ముందు సరిచూసి సంతకాలు చేసే పత్రం) మీద ఓపెనింగులు సరిగా ఉన్నాయి అన్న గడిలో టిక్కు పడింది, సంతకాలు పడ్డాయి, కాంక్రీటు పడింది. డ్రాయింగ్ సంఖ్య రాశారు. రివిజన్ సంఖ్య రాయడానికి ఆ కార్డులో గడే లేదు.

మారింది అంటే ఏమిటి మారింది?

విచారణలో నేను ఎక్కువసేపు ఆగింది ఆ చాట్ సందేశం దగ్గరే. మేస్త్రీని పిలిచి అడిగితే ఆయన ఏ తడబాటూ లేకుండా చెప్పాడు. కింది అంతస్తులో అదే షాఫ్టు ఓపెనింగును చివరి నిమిషంలో 600 నుంచి 750కి పెంచారు. కాబట్టి పై అంతస్తులో ఓపెనింగ్ మారింది అని వినగానే ఆయనకు తోచింది అదే మార్పు. కిందా పైనా ఒకే వరుసలో ఉండవలసిన ఓపెనింగులు కదా, కింద పెరిగింది గనుక పైనా పెరగాలి. తన దగ్గరున్న ప్రతి రివిజన్ 2. అందులో 600 అని ఉంది. అంటే మార్పు ఇంకా డ్రాయింగులోకి ఎక్కలేదని, అందుకే ఇంజనీరు చాట్‌లో గుర్తు చేశాడని ఆయన అనుకున్నాడు. గ్రిడ్ 5 వైపు 150 మి.మీ. పెంచి, అంచు చుట్టూ వేయవలసిన అదనపు కడ్డీలను ఆ కొత్త అంచుకు సర్ది, మార్పును అమలు చేశాడు. తర్కంలో ఎక్కడా లోపం లేదు. ఉద్యోగంలో చేరిన తొలినాళ్లలో నేనైనా అదే చేసేవాణ్ణి.

మారింది అన్న క్రియ తెలుగులో ఎంత సులువుగా నోటికొస్తుందో అంత ప్రమాదకరం. చోటు మారినా మారిందే, కొలత మారినా మారిందే, అసలు పనే రద్దయినా మారిందే. మాటల్లో చెప్పుకునేటప్పుడు చెయ్యి చూపిస్తాం, ఎదుటివారు ముఖం చిట్లిస్తే మళ్లీ చెబుతాం. రాతకు చేతులూ లేవు, ఎదుటివారి ముఖమూ కనబడదు. చూసుకోండి అన్న మాటదీ అదే తీరు. ఎవరు చూడాలి, దేన్ని దేనితో పోల్చి చూడాలి అన్నది అందులో లేదు. మన భాషలో కర్తను వదిలేసినా వాక్యం నిండుగానే వినిపిస్తుంది. కథలో అది అందం. సూచనలో అదే గొయ్యి.

ఆఫీసు రాతలకు ఇదే జబ్బు మరో రూపంలో పడుతుంది. చర్చించడం జరిగింది, చేయబడతాయి, తగు చర్య తీసుకోగలరు అన్న వాక్యాల్లో మర్యాద ఉంది, వ్యాకరణం ఉంది, పని చేసే మనిషి మాత్రం లేడు. తీసుకోగలరు అన్నదాన్ని వినయంగా తీసుకోండి అనీ చదవవచ్చు, అక్షరాలా చేయగల శక్తి మీకుంది అనీ చదవవచ్చు; పదకొండు మందికి ప్రతి వెళ్లినప్పుడు పదకొండు మందీ రెండో అర్థమే తీసుకుంటారు. ఇది వెటకారానికి అన్నది కాదు. ఆ ఈమెయిలు అందుకున్నవారిలో ఐదుగురిని విడివిడిగా అడిగాను. చర్య తమది కాదని ఐదుగురూ నిజాయితీగానే నమ్మారు.

సరైన వాక్యమైనా సరైన చోటికి చేరకపోతే ఏమవుతుందో చెప్పడానికి మా వృత్తిలో పాత ఉదాహరణ ఒకటుంది. కెనడాలో సెయింట్ లారెన్స్ నది మీద కడుతున్న క్యూబెక్ వంతెన 1907 ఆగస్టు 29న కూలిపోయి, పని మీదున్న 86 మందిలో 75 మంది చనిపోయారు. కింది భాగంలోని ఒక ప్రధాన ఉక్కు దూలంలో ముప్పావు అంగుళం ఉన్న వంపు రెండుంపావు అంగుళాలకు పెరిగిందని తనిఖీ ఇంజనీరు నార్మన్ మెక్‌లూర్ కొలిచి చూశాడు. ఆ సంగతి చెప్పడానికి ఆయన రైలెక్కి, న్యూయార్కులో ఉన్న కన్సల్టింగ్ ఇంజనీరు థియోడర్ కూపర్ దగ్గరికి స్వయంగా వెళ్లాడు. వాస్తవాలను పరిశీలించే వరకు వంతెన మీద ఇంకేమీ బరువు వేయవద్దని కూపర్ వెంటనే తంతి ఇచ్చాడు. చిన్న వాక్యం, సందిగ్ధం లేని వాక్యం. అయితే ఆ తంతి వెళ్లింది వంతెన కడుతున్న చోటికి కాదు, పెన్సిల్వేనియాలో ఫీనిక్స్‌విల్‌లో ఉన్న నిర్మాణ సంస్థ కార్యాలయానికి. అక్కడి నుంచి నది ఒడ్డుకు ఆ మాట చేరలేదు. సాయంత్రం పని ముగిసే వేళకు వంతెన నీళ్లలో ఉంది. మా స్లాబుకూ దానికీ పరిమాణంలో పోలికే లేదు, మా దగ్గర ఎవరికీ గాయమైనా కాలేదు. కానీ ఈమెయిలు అందుకున్న పన్నెండు పేర్లలో కడ్డీలు కట్టే మేస్త్రీ పేరు గాని, ఆ రోజు స్లాబు పోయించిన జూనియర్ ఇంజనీరు పేరు గాని లేకపోవడం చూసినప్పుడు నాకు గుర్తుకొచ్చింది ఆ తంతి చిరునామాయే.

పోర్ కార్డు మీది టిక్కు గురించి ఆలోచిస్తే మరో ఘటన గుర్తుకొస్తుంది. అమెరికాలోని కాన్సస్ సిటీలో హయత్ రీజెన్సీ హోటల్‌లో 1981 జులై 17న వేలాడే నడక వంతెనలు కూలి 114 మంది మరణించారు. రెండో అంతస్తు, నాలుగో అంతస్తు వంతెనలు రెండూ పైకప్పు నుంచి దిగే ఒకే కడ్డీకి వేలాడాలన్నది మొదటి ఆలోచన. తయారీలో అంత పొడవునా మరలు చెక్కడం కష్టమని, ఒక కడ్డీని రెండుగా విడగొట్టి, కింది వంతెనను పై వంతెన బీముకే వేలాడదీశారు. దాంతో నాలుగో అంతస్తు బీము కింద నట్టు మీద పడే బరువు రెట్టింపైంది. ఆ మార్పు షాప్ డ్రాయింగుల్లో (తయారీదారులు తమ పని కోసం గీసేవి) కనబడుతూనే ఉంది. వాటిని పరిశీలించినట్టు డిజైన్ ఇంజనీర్ల ముద్రా ఉంది. ఫోనులో చెప్పామని తయారీదారులు అన్నారు, అలాంటి ఫోను రాలేదని డిజైన్ సంస్థ అంది. నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ దర్యాప్తులో మొదటి డిజైన్ కూడా అక్కడి నిబంధన కోరిన బలంలో దాదాపు 60 శాతమే ఉందని తేలింది గనుక, నెపమంతా రాతకోతల మీద వేయడం సరికాదు. అయినా లెక్క మళ్లీ వేసుకునే అవకాశాన్ని ఆ ముద్ర, ఆ ఫోను కలిసి మింగేశాయన్నది మాత్రం వాస్తవం. దేన్ని పరిశీలించారో చెప్పని ముద్ర, ఏ రివిజన్‌తో పోల్చారో చెప్పని టిక్కు, రెండూ ఒక జాతివే.

మరమ్మతు, ఆ తర్వాతి ఉత్తరాలు

పెరిగిన 150 మి.మీ. గ్రిడ్ 5 వైపే ఉండటం ఈ మొత్తంలో మాకు దొరికిన ఒకే ఒక్క అదృష్టం. ఆ వైపు ఇంకో 300 మి.మీ. కోసి, ఇవతలి వైపు 450 మి.మీ. పూడ్చితే ఓపెనింగ్ సరైన చోటికి వస్తుంది. కోసే వైపున అంచు కడ్డీలే తెగిపోతాయి గనుక, డిజైనర్ ఆ భాగాన్ని మళ్లీ లెక్కించి, స్లాబు కింద స్టీలు చానెళ్లతో చట్రం బిగించమన్నాడు. పూడ్చే వైపున అంచుకు రంధ్రాలు వేసి, ఎపాక్సీతో కడ్డీలు నాటి, ఆ తర్వాతే కాంక్రీటు పోయాలి. లెక్కకు, చట్రం తయారీకి, పనికి, తనిఖీకి కలిపి ఆ వరుసలో 23 రోజులు పోయాయి.

ఆ 23 రోజుల గడువు పొడిగింపు అడిగేటప్పుడు ఆ డైరీ విలువ తెలిసింది. మా ఒప్పందం ఫిడిక్ 1999 రెడ్ బుక్ (అంతర్జాతీయంగా వాడే నిర్మాణ ఒప్పందం) నమూనాలోనిది. అందులో 3.3 క్లాజు ప్రకారం, ఇంజనీరు (ఒప్పందంలో ఈ మాటకు అర్థం మా సైట్ ఇంజనీరు కాదు, కన్సల్టెంటు) నోటిమాటగా ఇచ్చిన సూచనను కాంట్రాక్టర్ రెండు పని దినాల్లోగా రాతపూర్వకంగా ధ్రువీకరించి, ఆ ధ్రువీకరణ అందిన రెండు పని దినాల్లోగా ఇంజనీరు దాన్ని రాతలో తిరస్కరించకపోతే, మన ధ్రువీకరణే లిఖిత సూచన అవుతుంది. ఆరో రోజు ఫోను పెట్టేసిన వెంటనే సైట్ ఇంజనీరు మూడు పంక్తుల ఉత్తరం పంపి ఉంటే, ఓపెనింగ్ స్థానం గురించిన సూచన ఆ వారంలోనే పదిమంది చేతుల్లో ఉండేది, మా వాదనకూ ఆధారం ఉండేది. డైరీ మనకు జ్ఞాపకం, ఎదుటి పక్షానికి వట్టి నోటుబుక్కు.

పైగా మా వాళ్లు పంపిన మొదటి క్లెయిము ఉత్తరం మరో పాఠం. నాలుగు పేజీలు. కన్సల్టెంటు ఆలస్యాల చరిత్ర, మా సంస్థ సహనం, మా హక్కులు మేం వదులుకోమన్న హెచ్చరిక, అన్నీ ఉన్నాయి. ఏ ఘటన వల్ల, ఏ క్లాజు కింద, ఏమి అడుగుతున్నామో మాత్రం లేదు. 20.1 క్లాజు ప్రకారం ఘటన తెలిసిన 28 రోజుల్లోగా నోటీసు ఇవ్వాలి, లేకపోతే అడిగే హక్కే పోతుంది. ఇది నోటీసు కాదు, ఫిర్యాదు అని ఇంజనీరు తిప్పి రాసేసరికి గడువులో నాలుగు రోజులే మిగిలాయి. రెండో ఉత్తరం అర పేజీ. ఘటన, అది తెలిసిన తేదీ, క్లాజు, అడిగేది ఏమిటి, వివరాలు ఏ తేదీకి పంపుతాం. అంతే. చివరికి చర్చల్లో 9 రోజులు ఇచ్చారు, మిగిలిన 14 మేం భరించాం. నా అంచనాలో అది న్యాయమైన పంపకమే, మా యాజమాన్యం మాత్రం ఇప్పటికీ ఒప్పుకోదు.

తిరగరాసిన సూచన

మరమ్మతు నడుస్తుండగానే, తొమ్మిదో రోజు ఈమెయిలును ఎలా రాసి ఉండవలసిందో కన్సల్టెంటు ప్రతినిధి, నేను, సైట్ ఇంజనీరు కూర్చుని తిరగరాశాం. మేస్త్రీని కూడా కూర్చోబెట్టుకున్నాం. ఆయన చదివి మరో ప్రశ్న అడగనవసరం లేకుండా ఉండాలన్నదే కొలమానం. నాలుగో ప్రయత్నానికి ఇలా వచ్చింది:

“మూడో అంతస్తు స్లాబు, గ్రిడ్ సి–డి, 4–5 మధ్య ఉన్న షాఫ్టు ఓపెనింగ్ స్థానం మారుతుంది. గ్రిడ్ 4 మధ్యరేఖ నుంచి ఓపెనింగ్ దగ్గరి అంచుకు రివిజన్ 2లో 1200 మి.మీ.; రివిజన్ 3లో 1650 మి.మీ. ఓపెనింగ్ కొలత 900 × 600 మి.మీ., ఇందులో మార్పు లేదు. అంచు కడ్డీలు ఓపెనింగుతోపాటు జరుగుతాయి, వాటి సంఖ్యలో, సైజులో మార్పు లేదు. మిగతా రెండు షాఫ్టుల్లో మార్పు లేదు. సైట్ ఇంజనీరు దీన్ని అమలు చేసి, స్లాబుకు ముందు రోజు టేపుతో కొలిచిన కొలతను ఈ ఉత్తరానికి జవాబుగా రాయాలి. ఆ జవాబు రానిదే స్లాబు పోయరాదు.”

ఇందులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది మూడుసార్లు వచ్చిన మార్పు లేదు అన్న మాట. మొదటి మూడు ప్రయత్నాల్లో అది లేదు. మారినదాన్ని ఎంత వివరంగా రాసినా, చదివేవాడి బుర్రలో మారనివాటి గురించిన అనుమానం అలాగే ఉంటుంది; ఆ అనుమానాన్ని తన పాత అనుభవంతో తీర్చుకుంటాడు. మేస్త్రీ తీర్చుకున్నది అలాగే. కొలత మారలేదు అని ఒక్క ముక్క ఆ చాట్ సందేశంలో ఉన్నా, ఆయన కనీసం మరేమి మారిందని అడిగి ఉండేవాడు. చెప్పవలసినదాన్ని కుదించి రాయమని అందరూ అంటారు. కుదించేటప్పుడు ముందుగా తెగిపోయేది ఈ భాగమే, ఎందుకంటే రాసేవాడికి అది మరీ తెలిసిన సంగతి.

రెండోది, కొలతకు మొదలు. 450 జరపండి అంటే ఎక్కడి నుంచి? మధ్య నుంచా, అంచు నుంచా? ఫోను సూచన సవ్యంగా చేరి ఉన్నా అది మరో తప్పుకు దారి తీసే వీలుండేది. పైగా డ్రాయింగులో మిల్లీమీటర్లు, కడ్డీలు కట్టేవారి నోట అడుగులు, అంగుళాలు. 450 అన్నది నోటికి అడుగున్నర అవుతుంది, అడుగున్నర అంటే 457. ఇక్కడ ఆ ఏడు మిల్లీమీటర్లు పట్టించుకోనక్కరలేదు గాని, యాంకర్ బోల్టుల దగ్గర అదే తేడా ప్లేటును కూర్చోనివ్వదు.

మిగతా మార్పులు చిన్నవే. పోర్ కార్డులో రివిజన్ గడి చేర్చాం, దాన్ని చేతిలో ఉన్న ప్రతి చూసి కాక, డాక్యుమెంట్ కంట్రోలర్ రిజిస్టరు చూసి నింపాలన్నాం. పాత ప్రతి అప్పగిస్తేనే కొత్త ప్రతి ఇస్తారు. మినిట్స్‌లో పేరు, తేదీ లేని అంశం సమాచారం అన్న శీర్షిక కిందకు వెళ్తుంది, దాని మీద ఎవరూ పని చేయకూడదు. చాట్ గ్రూపును ఆపే ప్రయత్నం చేయలేదు, చేసినా ఆగేది కాదు. అందులో వచ్చే ప్రతి సూచనకూ ఉత్తరం సంఖ్య ఉండాలని, సంఖ్య లేనిది కబురు మాత్రమేనని ఒప్పుకున్నాం.

ఒకటి మాత్రం బెడిసికొట్టింది. ఆర్.ఎఫ్.ఐ. పత్రాన్ని నేను ఉత్సాహంగా 14 గడులతో తయారు చేశాను. మూడు వారాల్లో ఆర్.ఎఫ్.ఐ.లు రావడమే ఆగిపోయాయి. సందేహాలు తీరి కాదు, అంతా మళ్లీ ఫోనుల్లోకి వెళ్లిపోయారు. సిగ్గుపడి దాన్ని ఆరు గడులకు తగ్గించాను: ఎక్కడ, ఏ డ్రాయింగ్ ఏ రివిజన్, ఒకే ఒక ప్రశ్న, అడిగేవారు సూచించే జవాబు, ఏ తేదీలోగా కావాలి, రాకపోతే ఏ పని ఆగుతుంది. నాలుగో గడి కన్సల్టెంటుకు బాగా నచ్చింది. ఏమి చేయమంటారు అన్న ప్రశ్నకు వారం పట్టే జవాబు, ఇలా చేయవచ్చా అన్న ప్రశ్నకు తరచుగా మర్నాటికే వచ్చేది.

నాలుగో అంతస్తు స్లాబుకు ముందు రోజున అదే మేస్త్రీ ఒక కొత్త ప్రతిని సైట్ ఆఫీసుకు తిరిగి తెచ్చాడు. అందులో లిఫ్టు పక్కన ఒక కటౌట్ 300 జరిగినట్టు చూపారు, మేఘం గీత కూడా ఉంది, కానీ ఆ 300 దేని నుంచో లేదు. ఎక్కడి నుంచో రాసిచ్చేదాకా ఆ మూల కడ్డీలు కట్టనని చెప్పి బల్ల మీద పెట్టి వెళ్లాడు. జవాబు మర్నాడు మధ్యాహ్నానికి వచ్చింది. స్లాబు ఒక రోజు ఆలస్యంగా పడింది.